ఒక మోల్ వాయువుకి ఎన్ని లీటర్లు? 22.4 ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థి 0.0360 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చిన హైడ్రోజన్‌ని కొలత గీతలున్న గొట్టంలో నీటి మీద పట్టారు. 30 డిగ్రీల దగ్గర 41.1 మి.లీ. వచ్చింది. ఫోన్‌లోని వాతావరణ యాప్ 1010 హెక్టోపాస్కల్ అని చూపిస్తే అదే పీడనంగా వేసి ఎస్‌టీపీకి, అంటే ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనాలకి మార్చారు. మోల్‌కి, అంటే 6.022 × 10²³ అణువులకి, 24.9 లీటర్లు తేలింది. ఒక పుస్తకంలో 22.4 అని ఉంది, ఇంకోదాంట్లో 22.7 అని ఉంది. ఏది సరైనది, ప్రయోగంలో తప్పెక్కడ, అసలు వాయువు ఘనపరిమాణానికీ మోల్స్‌కీ ఉన్న లంకె ఏమిటి?

ముందు ధైర్యం చెప్పే మాట: మీ ప్రయోగం బాగా వచ్చింది. తూకం, ఘనపరిమాణం రెండూ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా పీడనంలో ఉంది, అదీ రెండు చోట్ల. ఆ రెండూ సరిచేస్తే ఇవే అంకెలతో 22.4 వస్తుంది. కింద లెక్క వేసి చూపిస్తాను. దానికి ముందు ఆ లంకె సంగతి చూద్దాం, ఎందుకంటే 22.4ని బట్టీ పట్టినవాళ్లందరూ జారిపడేది అక్కడే.

ఆదర్శ వాయు సమీకరణం పీవీ = ఎన్‌ఆర్‌టీ. పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్స్ సంఖ్య, టీ కెల్విన్లలో ఉష్ణోగ్రత, ఆర్ స్థిరాంకం. పీడనాన్నీ ఉష్ణోగ్రతనీ కదలకుండా పట్టి ఉంచితే మిగిలేది వీ, ఎన్ మాత్రమే: మోల్స్ రెట్టింపైతే ఘనపరిమాణం రెట్టింపు, సగమైతే సగం. ఈ మాటని 1811లో అవొగాడ్రో చెప్పాడు: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాలున్న ఏ వాయువుల్లోనైనా అణువుల సంఖ్య సమానం. అంతకు మూడేళ్ల ముందు, 1808లో, గేలుసాక్ వాయువులు చిన్న పూర్ణ సంఖ్యల నిష్పత్తిలో కలుస్తాయని చూపించాడు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటర్ ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది. ఆక్సిజన్ అణువు రెండుగా చీలగలదని, అంటే అది జంట పరమాణువుల అణువని ఒప్పుకుంటే తప్ప ఈ లెక్క కుదరదు. ఒకే రకం పరమాణువులు జతకడతాయంటే పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ ఒప్పుకోలేదు. ఆ ముడి విడి అవొగాడ్రో మాటకి విలువ రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1860లో కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సభలో కానిజారో దాన్ని మళ్లీ ముందుకి తెచ్చాడు.

బరువైన అణువైనా, తేలికైన అణువైనా ఒకే చోటు ఎందుకు తీసుకుంటుంది? చాలామందికి ఇది మింగుడుపడదు. కార్బన్ డయాక్సైడ్ అణువు హైడ్రోజన్ అణువు కన్నా 22 రెట్లు బరువు, ఆకారంలోనూ పెద్దది, మరి మోల్‌కి ఎక్కువ లీటర్లు పట్టాలి కదా అని. పట్టదు, ఎందుకంటే వాయువు ఘనపరిమాణం అంటే అణువులు నిండిన చోటు కాదు, వాటి మధ్య ఉన్న ఖాళీ. లెక్క వేద్దాం. 30 డిగ్రీల దగ్గర 1 అట్మాస్ఫియర్ పీడనంలో మోల్‌కి 24.9 లీటర్లు. దాన్ని 6.022 × 10²³తో భాగిస్తే ఒక్కో అణువు వంతుకి సుమారు 41 ఘన నానోమీటర్లు వస్తుంది. అంటే భుజం దాదాపు 3.5 నానోమీటర్లున్న ఘనం. చిన్న అణువుల వ్యాసం 0.3 నుంచి 0.4 నానోమీటర్లు. తనకన్నా పదిరెట్లు వెడల్పున్న గదిలో ఒక్క అణువు తిరుగుతోందన్నమాట. అణువు తాను తినే చోటు ఆ గదిలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఇక అణువు పెద్దదైనా చిన్నదైనా లెక్కలోకి రాదు.

బరువు సంగతి వేరేగా తీరుతుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర అన్ని వాయువుల అణువులకీ సగటు గతిశక్తి ఒకటే. బరువైనవి నెమ్మదిగా, తేలికైనవి వేగంగా తిరుగుతాయి. బరువైన అణువు గోడని తక్కువసార్లు కొడుతుంది కానీ ప్రతి దెబ్బా గట్టిది. తేలికది ఎక్కువసార్లు కొడుతుంది, దెబ్బ చిన్నది. రెండూ కలిసి సరిపోతాయి. అందుకే పీడనం అణువుల సంఖ్యని చూస్తుంది, వాటి పేరుని చూడదు.

ఇప్పుడు 22.4, 22.7 గొడవ. రెండూ సరైనవే. రెండూ 0 డిగ్రీల దగ్గరివే. తేడా పీడనంలో ఉంది. పాత ఎస్‌టీపీలో పీడనం 1 అట్మాస్ఫియర్, అంటే 101.325 కిలోపాస్కల్. అక్కడ మోల్‌కి 22.414 లీటర్లు. 1982లో రసాయన శాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ప్రమాణ పీడనాన్ని 1 బార్‌కి, అంటే సరిగ్గా 100 కిలోపాస్కల్‌కి మార్చింది. పీడనం కాస్త తగ్గింది కాబట్టి అదే మోల్ కాస్త వ్యాకోచించి 22.711 లీటర్లైంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం 1 బార్‌నే తీసుకుంటుంది. చాలా గైడ్లు, పాత ప్రశ్నపత్రాలు ఇంకా 1 అట్మాస్ఫియర్ మీదే నడుస్తున్నాయి. పరీక్షలో ప్రశ్నే పీడనం చెబితే అదే వాడండి. చెప్పకుండా ఎస్‌టీపీ అని ఊరుకుంటే ఇచ్చిన నాలుగు జవాబులు చూడండి, ఏ సంఖ్యతో లెక్క శుభ్రంగా కుదురుతుందో అక్కడే తెలిసిపోతుంది. రెండింటి తేడా 1.3 శాతమే.

ఈ రెండు సంఖ్యలూ ఏ వాయువు గుణమూ కాదు. మనం ఎంచుకున్న ఒక ఉష్ణోగ్రత, ఒక పీడనం దగ్గర ఆర్‌టీని పీతో భాగిస్తే వచ్చే ఫలితాలు. మీ గదిలో 0 డిగ్రీలు ఉండవు, మీ ఊళ్లో 101.325 ఉండకపోవచ్చు. 30 డిగ్రీల దగ్గర విశాఖలో సముద్రమట్టాన 101 కిలోపాస్కల్ అనుకుంటే మోల్‌కి దాదాపు 25.0 లీటర్లు. అదే 30 డిగ్రీల దగ్గర హైదరాబాద్‌లో 95 కిలోపాస్కల్ అనుకుంటే 26.5 లీటర్లు. ఒకే మోల్, ఒకే ఎండ, ఊరు మారితే లీటరున్నర తేడా.

ఆర్ విలువ దగ్గర కూడా ఒక మాట. పీడనం కిలోపాస్కల్‌లో, ఘనపరిమాణం లీటర్లలో పెడితే ఆర్ 8.314. పాస్కల్, ఘనపు మీటర్లు పెట్టినా అదే 8.314, ఎందుకంటే ఒక వెయ్యి పైన, ఒక వెయ్యి కింద కొట్టేసుకుంటాయి. అట్మాస్ఫియర్, లీటర్లు అయితే 0.08206. బార్, లీటర్లు అయితే 0.08314. చివరి రెండూ చూడ్డానికి ఒకేలా ఉండి మోసం చేస్తాయి. బార్‌లో ఉన్న పీడనానికి 0.08206 వేసి 1.3 శాతం పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. కిలోపాస్కల్, లీటర్లు అలవాటు చేసుకుంటే ఈ చిక్కే ఉండదు.

ఇక మీ లెక్క. మెగ్నీషియం పరమాణు భారం 24.305. 0.0360ని దానితో భాగిస్తే 0.001481 మోల్. ఒక మెగ్నీషియం పరమాణువు రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువులతో చర్య జరిపి ఒక హైడ్రోజన్ అణువుని వదులుతుంది. కాబట్టి హైడ్రోజన్ కూడా 0.001481 మోలే. ఇంతవరకూ మీ దారి సరైనదే.

మొదటి తప్పు యాప్‌లో ఉంది. వాతావరణ యాప్‌లు, టీవీ వార్తలు చెప్పే పీడనం సముద్రమట్టానికి సవరించిన పీడనం. వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ఊళ్లని ఒకే పటం మీద పోల్చడానికి అలా మారుస్తారు. మీ గొట్టం మీద నిజంగా పడుతున్న పీడనం అది కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. నేలకి దగ్గరగా దాదాపు ప్రతి 9 మీటర్ల ఎత్తుకి 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 540ని 9తో భాగిస్తే 60. 1010లోంచి 60 తీసేస్తే 950 హెక్టోపాస్కల్, అంటే 95.0 కిలోపాస్కల్. బెంగళూరులో చదివే మనవాళ్లకి ఎత్తు 920 మీటర్లు కాబట్టి కోత ఇంకా పెద్దది, సుమారు 100 హెక్టోపాస్కల్. కాకినాడ, మచిలీపట్నం వాళ్లకి కోత దాదాపు ఉండదు, యాప్ అంకె అలాగే వేసుకోవచ్చు. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్‌ని నేరుగా చదివే యాప్ అయితే స్థానిక పీడనమే చూపిస్తుంది, దాని మీద మళ్లీ కోత వేయకూడదు. ల్యాబ్‌లో పాదరస బారోమీటర్ ఉంటే అన్నిటికన్నా నయం. హైదరాబాద్‌లో అది 760 కాదు, 713 మి.మీ. దగ్గర చూపిస్తుంది. చెడిపోయిందనుకుని గాబరాపడకండి.

రెండో తప్పు నీటి ఆవిరి. నీటి మీద పట్టిన వాయువు పొడి వాయువు కాదు. గొట్టంలో హైడ్రోజన్‌తో పాటు నీటి ఆవిరి కూడా ఉంది, మొత్తం పీడనంలో దాని వాటా దానికుంది. 20 డిగ్రీల దగ్గర ఆ బాష్ప పీడనం 2.34 కిలోపాస్కల్, 25 దగ్గర 3.17, 30 దగ్గర 4.25, 35 దగ్గర 5.63, 40 దగ్గర 7.38. చల్లటి దేశాల్లో రాసిన పుస్తకాల్లో ఇది చిన్న సవరణలా కనిపిస్తుంది. మన ఏప్రిల్, మే నెలల్లో మొత్తం పీడనంలో ఏడెనిమిది శాతం ఇదే. గొట్టంలో నీటి ఉష్ణోగ్రత ఎంతో ఆ వరుసలోని విలువ తీయాలి, గది గోడకున్న థర్మామీటర్ చూసి కాదు.

కాబట్టి హైడ్రోజన్ వంతు పీడనం 95.0 − 4.25 = 90.75 కిలోపాస్కల్. దీంతో 0 డిగ్రీలకీ 101.325 కిలోపాస్కల్‌కీ మారుద్దాం:

41.1 × (273.15 ÷ 303.15) × (90.75 ÷ 101.325) = 33.2 మి.లీ.

33.2 మి.లీ.ని 0.001481 మోల్‌తో భాగిస్తే 22.4 లీటర్లు. నేరుగా ఆర్ కూడా తీయొచ్చు: 90.75 × 0.0411ని 0.001481 × 303.15తో భాగిస్తే 8.31. పోల్చడానికి, పీడనం 95.0 పెట్టి ఆవిరి తీయకపోతే 23.4 వస్తుంది. 101.0 పెట్టి ఆవిరి కూడా తీయకపోతే మీకొచ్చిన 24.9. ఒక్క పీడనం దగ్గరే 11 శాతం పోయింది చూడండి. ఎంత జాగ్రత్తగా తూచినా అది తిరిగి రాదు.

ఈ ప్రయోగం మళ్లీ చేసేవాళ్ల కోసం చేతిపని వివరంగా రాస్తాను, ఎందుకంటే రికార్డు పుస్తకాల్లో ఉండేది నాలుగు ముక్కలే.

రిబ్బన్ తూకంతో మొదలు. 0.036 గ్రాములని 0.01 గ్రాము వరకే చూపే తరాజులో తూచితే దానికి అర్థం లేదు. 0.001 వరకు చూపే తరాజు కూడా దాదాపు 3 శాతం తేడా మిగులుస్తుంది. దారి ఏమిటంటే సరిగ్గా ఒక మీటరు రిబ్బన్ కొలిచి తూచడం. అది 0.90 గ్రా. ఉందనుకోండి, అప్పుడు 4.0 సెం.మీ. ముక్క 0.0360 గ్రా. రిబ్బన్ వెడల్పు, మందం కంపెనీని బట్టి మారతాయి కాబట్టి కొత్త చుట్ట తెరిచిన ప్రతిసారీ మీటరు తూకం కొత్తగా వేయాలి. తూచే ముందు నల్లబడిన పొరని సన్న గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేయాలి. ఆ పొర మెగ్నీషియం ఆక్సైడ్. అది ఆమ్లంలో కరుగుతుంది కానీ హైడ్రోజన్ ఇవ్వదు. తూకంలో ఉండి వాయువులో లేకపోతే మోల్‌కి లీటర్లు తక్కువ తేలతాయి. 50 మి.లీ. గొట్టానికి 0.040 గ్రాములు దాటనివ్వొద్దు. ఎండాకాలం అంతకు మించితే వాయువు కొలత గీతలు దాటి కిందికి పోతుంది, ఆ రీడింగ్ వృథా.

రిబ్బన్‌ని చిన్నగా చుట్టి సన్నటి రాగి తీగతో పంజరంలా అల్లాలి. తీగ చివర గొట్టం మూతి బయటికి వంచి, ఒకటి రెండు రంధ్రాలున్న రబ్బరు బిరడాతో నొక్కి ఉంచాలి. రాగి ఈ ఆమ్లంతో చర్య జరపదు, అందుకే దాన్ని వాడతారు. పంజరం వదులుగా ఉంటే చివర్లో సన్నబడ్డ మెగ్నీషియం తునకలు జారి పైకి తేలిపోతాయి, గొట్టం గోడకి అతుక్కుని కరగకుండా మిగిలిపోతాయి.

గొట్టంలో ముందు 3 మోలార్ (లీటరుకి 3 మోల్స్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోయాలి. గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ ఉంటుంది కాబట్టి 25 మి.లీ. గాఢ ఆమ్లాన్ని నీళ్లలోకి మెల్లగా పోసి 100 మి.లీ. చేస్తే చాలు. ఆమ్లాన్ని నీళ్లలోకి, నీళ్లని ఆమ్లంలోకి కాదు. కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకోవాలి. తర్వాత గొట్టాన్ని కాస్త వంచి, గోడ వెంట నీళ్లని సన్న ధారగా అంచుదాకా నింపాలి. ఆమ్లం నీటికన్నా బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది. నీళ్లు దూకుడుగా పోస్తే రెండూ కలిసిపోతాయి. అప్పుడు పంజరం పెట్టగానే చర్య మొదలై, గొట్టాన్ని తిప్పేలోపే కొంత వాయువు బయటికి పోతుంది. బిరడా పెట్టేటప్పుడు గాలి బుడగ ఒక్కటీ మిగలకూడదు. అర మి.లీ. బుడగ మిగిలినా ఒక శాతం కన్నా ఎక్కువ తేడా.

రంధ్రం మీద వేలు పెట్టి గొట్టాన్ని తలకిందులు చేసి, నీళ్లున్న బీకరులో మూతి ముంచి వేలు తీయాలి. ఆమ్లం తన బరువుకి కిందికి దిగుతూ రిబ్బన్‌ని చేరగానే బుడగలు మొదలవుతాయి. గొట్టంలో ఉన్న 30 మిల్లీమోల్ ఆమ్లంలో చర్యకి 3 మిల్లీమోలే అవసరం కాబట్టి ఆమ్లం చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. బుడగలు ఆగాక పది నిమిషాలు అలాగే వదిలేయాలి. చర్యలో వేడి పుడుతుంది. వేడిగా ఉండగానే చదివితే ఘనపరిమాణం ఎక్కువ కనిపిస్తుంది. గొట్టం గోడలకి అతుక్కున్న బుడగలని వేలితో మెల్లగా తట్టి పైకి పంపాలి. చుట్టుపక్కల మంట ఉండకూడదు, ఇది హైడ్రోజన్.

చదివే ముందు నీటి మట్టాలు సమం చేయాలి. గొట్టం లోపలి నీరు బయటి నీటి కన్నా ఎత్తులో ఉంటే లోపలి వాయువు పీడనం బయటి గాలి కన్నా తక్కువ. ప్రతి 10 సెం.మీ. ఎత్తుకి దాదాపు 1 కిలోపాస్కల్ తక్కువ. పొడవాటి కొలజాడీ నిండా నీళ్లు పోసి, రంధ్రాన్ని వేలితో మూసి గొట్టాన్ని అందులోకి మార్చి, లోపలి మట్టం బయటి మట్టంతో కలిసేదాకా పైకీ కిందికీ జరిపి అప్పుడు చదవాలి. కంటిని నీటి వంపు అడుగుకి సమంగా పెట్టాలి. గొట్టం తలకిందులుగా ఉంది కాబట్టి అంకెలు కూడా తలకిందులే. 41కి 39 అని చదివేసేవాళ్లు తరగతికి ఒకరైనా ఉంటారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక మిగిలే తేడా మూడు చోట్ల నుంచి: రిబ్బన్ పొడవు, తూకం ఒకటి రెండు శాతం, ఘనపరిమాణం అర శాతం, ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి 0.33 శాతం. కాబట్టి 22.0 నుంచి 22.8 మధ్య ఏది వచ్చినా మంచి ఫలితమే. అచ్చంగా 22.4 రావాలని రీడింగ్ సర్దడం రికార్డు దిద్దేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది, అందరివీ 22.4 అయితే మరీ.

ఇదే గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ పడదామనుకుంటే మాత్రం ఆగండి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు తమలో దాదాపు 0.8 లీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకోగలవు. వంటసోడా, వెనిగర్‌తో ఇంట్లో చేసే ప్రయోగాల్లో లెక్క కన్నా వాయువు తక్కువ రావడానికి మొదటి కారణం ఇదే. గ్యాస్ సిరంజి వాడాలి, లేదంటే ఉప్పు బాగా కరిగించిన నీటి మీద పట్టాలి. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటివి నీటి మీద పట్టే ప్రసక్తే లేదు, వచ్చింది వచ్చినట్టు కరిగిపోతాయి.

ఈ సమీకరణాన్ని తిప్పి వాడితే తెలియని వాయువు అణుభారం తెలుస్తుంది. సిగరెట్ లైటర్‌తో చేసే ప్రయోగం అందుకు తేలిక. లైటర్ తూచి, నీళ్లలో ముంచి, తలకిందులుగా పెట్టిన కొలజాడీలోకి 100 మి.లీ. గ్యాస్ వదిలి, లైటర్ ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఇందాకటి పరిస్థితుల్లోనే, 30 డిగ్రీలు, 90.75 కిలోపాస్కల్ దగ్గర 100 మి.లీ. అంటే 0.00360 మోల్. తూకం 0.209 గ్రా. తగ్గితే అణుభారం 58.1, అది బ్యూటేన్. ఇక్కడ అందరూ దెబ్బతినేది ఆరబెట్టడంలో. లైటర్ చక్రం దగ్గర ఒక చిన్న చుక్క, 0.02 గ్రా. నీరు మిగిలిపోయినా తగ్గుదల 0.189గా కనిపించి అణుభారం 52.5కి పడిపోతుంది. ముందే ఒకసారి నీళ్లలో ముంచి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు మొదటి తూకం వేస్తే, రెండోసారీ అలాగే ఆరబెడితే, మిగిలిన తడి రెండు తూకాల్లోనూ ఉండి చాలావరకు కొట్టుకుపోతుంది. బాగా ఆరబెట్టినా 58 కన్నా కాస్త తక్కువ వస్తే ఆశ్చర్యం లేదు, లైటర్ గ్యాస్‌లో ప్రొపేన్ కూడా కొంత కలిసి ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో మాత్రం ఆరబెట్టకండి.

ల్యాబ్ బయట ఇదే లెక్క సిలిండర్ల దగ్గర పనికొస్తుంది, కానీ ప్రతి సిలిండర్ దగ్గరా కాదు. ఆసుపత్రుల్లో కనిపించే పెద్ద డీ టైప్ ఆక్సిజన్ సిలిండర్ లోపలి ఘనపరిమాణం సుమారు 46.7 లీటర్లు, నింపే పీడనం సుమారు చదరపు సెంటీమీటరుకి 150 కిలోలు. గేజ్ చూపేది బయటి గాలి మీద అదనంగా ఉన్న పీడనం. సమీకరణంలోకి దాన్ని వాతావరణ పీడనంతో కలిపి పంపాలి. కలిపితే 14.8 మెగాపాస్కల్, అంటే 14,800 కిలోపాస్కల్. 14,800 × 46.7ని 8.314 × 303తో భాగిస్తే 274 మోల్స్. బయట 1 అట్మాస్ఫియర్ దగ్గర 30 డిగ్రీల్లో అవి దాదాపు 6,800 లీటర్లు. సిలిండర్ మీద 7 ఘనపు మీటర్లని రాసి ఉంటుంది. ఆ కాస్త తేడాకి ముఖ్య కారణం ఆక్సిజన్ ఆ పీడనం దగ్గర పూర్తిగా ఆదర్శ వాయువులా ఉండకపోవడం. అక్కడ దాని సంపీడ్యతా గుణకం, అంటే పీవీని ఎన్‌ఆర్‌టీతో భాగిస్తే వచ్చేది, 1 కాక 0.95 ప్రాంతంలో ఉంటుంది, లెక్క కన్నా అయిదు శాతం ఎక్కువ వాయువు పడుతుంది. నిమిషానికి 5 లీటర్ల చొప్పున వాడితే 7,000 లీటర్లు 1,400 నిమిషాలు, అంటే 23 గంటల పైన వస్తాయి. గేజ్ 50కి దిగితే మూడో వంతు మిగిలిందని, ఏడున్నర గంటల పైచిలుకు వస్తుందని నమ్మకంగా లెక్కవేయొచ్చు. ఘనపరిమాణం, ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం మోల్స్‌తో సమానంగా నడుస్తుంది కాబట్టి. చివరి బొట్టుదాకా ఆగకుండా ముందే రెండో సిలిండర్ సిద్ధంగా పెట్టుకోవాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

వంటగ్యాస్ సిలిండర్‌కి ఇదే లెక్క వేస్తే బోల్తా పడతారు. 14.2 కిలోలు, లోపలి ఘనపరిమాణం 33.3 లీటర్లు. అంతా బ్యూటేన్ అనుకుంటే 244 మోల్స్. సమీకరణంలో పెడితే పీడనం 180 అట్మాస్ఫియర్లు దాటుతుంది. నిజానికి లోపల ఉండేది కొద్ది అట్మాస్ఫియర్లే. లోపల ఎక్కువ భాగం ద్రవం, పైన కొంచెమే వాయువు. వాయువు వాడేకొద్దీ ద్రవం ఆవిరై దాని చోటు నింపుతుంది. అంటే వాయువు భాగంలో ఎన్ మన చేతిలో లేదు, పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత, ఆ ద్రవం స్వభావం. అందుకే గేజ్ పెట్టినా సిలిండర్ సగముందా, పావే ఉందా తెలియదు, ద్రవం అయిపోయాక గానీ ముల్లు కదలదు. ఎంత మిగిలిందో తూచి చూడాల్సిందే. సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్. కార్బన్ డయాక్సైడ్‌తో నింపిన అగ్నిమాపక సిలిండర్లని కూడా గేజ్ చూసి కాక తూకం వేసి పరీక్షించడానికి కారణం ఇదే.

గేజ్ పీడనం సంగతి టైర్ల దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఉదయం 27 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ గాలి కొట్టించారు. ఎండలో రోడ్డు మీద తిరిగి టైరు 57 డిగ్రీలకి వేడెక్కింది. మోల్స్ మారలేదు, టైరు ఘనపరిమాణం దాదాపు మారలేదు. 32కి 14.7 కలిపి 46.7, దాన్ని 330 ÷ 300తో గుణిస్తే 51.4, మళ్లీ 14.7 తీస్తే 36.7 పీఎస్ఐ. గేజ్ అంకెనే నేరుగా గుణిస్తే 35.2 వస్తుంది, తప్పు. సెల్సియస్ డిగ్రీలతో 57 ÷ 27 చేస్తే 67 దాటుతుంది, టైరే పేలిపోవాలి. టైరు వేడిగా ఉండగా ఎక్కువైందని గాలి తీయకూడదనడానికి కారణం కూడా ఇదే: అక్కడ పెరిగింది మోల్స్ కాదు.

ఏ వాయువు ఎంత ఆదర్శంగా ఉంటుందో ఒక్కసారి చూడండి. 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర మోల్ ఘనపరిమాణం హైడ్రోజన్‌కి 22.43, ఆక్సిజన్‌కి 22.39, కార్బన్ డయాక్సైడ్‌కి 22.26, అమ్మోనియాకి 22.1, సల్ఫర్ డయాక్సైడ్‌కి 21.9 లీటర్లు. తేలికగా ద్రవీకరించే వాయువుల అణువుల మధ్య ఆకర్షణ ఎక్కువ, అవి కాస్త దగ్గరగా జరుగుతాయి, ఘనపరిమాణం తగ్గుతుంది. హైడ్రోజన్‌లో ఆకర్షణ మరీ తక్కువ, అణువులు తినే చోటే పైచేయి అవుతుంది, అందుకే 22.414 కన్నా కొంచెం ఎక్కువ. 1873లో వాన్ డర్ వాల్స్ తన సమీకరణంలో సరిచేసింది సరిగ్గా ఈ రెండింటినే. మీ ల్యాబ్ కొలతల్లో ఒక శాతం తేడా ఎలాగూ ఉంటుంది కాబట్టి హైడ్రోజన్, ఆక్సిజన్‌లకి ఈ సవరణ అక్కర్లేదు.

ఇంకొక్కటి, పరీక్షల కోసం. చర్యలో ఉన్నవన్నీ వాయువులే అయి, అన్నిటినీ ఒకే ఉష్ణోగ్రత, పీడనం దగ్గర కొలిస్తే మోల్స్‌లోకి వెళ్లి తిరిగి రావడం దండగ. సమీకరణంలోని గుణకాలే లీటర్ల నిష్పత్తి. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండడానికి 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి, 3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి గాలి సుమారు 24 లీటర్లు. ఇందులో 22.4 ఎక్కడా రాదు, ఆర్ కూడా రాదు. ఘనపదార్థమో ద్రవమో ఒకటి లెక్కలోకి వచ్చినప్పుడే, మీ మెగ్నీషియంలా, మోల్స్ దారి పట్టాలి. నీరు ద్రవంగా మిగిలితే దాని లీటర్లని ఈ నిష్పత్తిలో కలపకూడదు.